కవల స్ఫటికం

మా అక్క నోరు మంచిది కాదని ఆమె ప్రయోగశాలలో అందరూ అంటారు. శుద్ధ అబద్ధం! నోరు మంచిదే, మంచిది కానిది మొండితనం. స్ఫటికం మీద ఎక్స్‌రేలు పడితే యంత్రం చుక్కల బొమ్మలు తీస్తుంది. వాటిని లెక్కగట్టి, లోపల అణువులు ఎలా అమరి ఉన్నాయో చెబుతారు. ఫలితం అచ్చు వేయించుకుని బొమ్మల్ని అటకెక్కించడం అక్కడ అందరికీ అలవాటు. అక్క ఒప్పుకోదు. ఏ యంత్రంతో తీశారో, ఎంత చలిలో తీశారో అందరూ ఒకే పద్ధతిలో రాసి, ఎవరైనా చూసుకునేలా బొమ్మలతో సహా ఇంటర్నెట్‌లోని ఉమ్మడి భాండారంలో పెట్టాలంటుంది. చెప్పిందే చెప్పి ప్రాణాలు తోడేస్తుంది. అందుకే ‘చుక్కలావిడ’ అని పేరు పెట్టారు. భోజనాల దగ్గర ఆమె వచ్చి కూర్చుంటే చాలు, పక్క కుర్చీలో వాళ్లకు ఉన్నట్టుండి పని గుర్తొస్తుంది.

ఆమె మాత్రం తనవన్నీ పెట్టింది. ఏళ్లు గడిచినా వాటిని తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. అక్కకు పెళ్లి లేదు, స్నేహితులు లేరు. ఉన్నదల్లా ఒక మందు స్ఫటికం గుట్టు విప్పిందన్న మంచి పేరు. తలుచుకుంటే నాకు దిగులేసేది.

మొన్న ముక్కూ మొహం తెలియని శాస్త్రవేత్త ఒకావిడ ఆ స్ఫటికం బొమ్మలు తెరిచి అక్కకు మెయిల్ పంపింది. “ఇది ఒకటి కాదండీ. రెండు స్ఫటికాలు అతుక్కుని పెరిగాయి, కవలలు. మీరు ఒకటే అనుకుని లెక్కగట్టారు. ఫలితం నిలవదు.”

ప్రయోగశాల పెద్దాయన తలుపు వేసి మరీ చెప్పాడట. “ఆ బొమ్మలు తీసేయండమ్మా. ఆవిడ మాట ఎవరు నమ్ముతారు? మీ పేరైనా దక్కుతుంది.”

“తీసేస్తే, ఇన్నాళ్లూ మీ అందరి బుర్రలూ తిన్నది దేనికండీ?” అందట అక్క. లెక్క మళ్లీ సరిచూసుకుంది. తప్పు తనదేనని ప్రకటించి ఫలితాన్ని వెనక్కి తీసుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేసి కడిగిపారేశాను. “నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు కదే అక్కా! ఉన్న ఒక్క పేరూ పోయింది. ఇప్పుడేం మిగిలింది నీకు?”

అనేశాక, ఏడుస్తుందేమోనని భయమేసింది.

“ఆవిడ మళ్లీ రాసిందే,” అంది అక్క. “నేను పెట్టిన మిగతా బొమ్మలు కూడా చూస్తోందట. ఒకసారి మాట్లాడదామా అని అడిగిందే. నన్ను!”