ఎత్తు పెంచిన బండి

పియారా వాటర్స్ పేటలో ద్వారకానాథ్ గారి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ నంబరు చెప్పరు. "ఆ ఏనుగంత బండి ఉన్న ఇల్లు" అంటారు. కూతురు బిందుమాధవి మూడో తరగతిలో ఉండగా కొన్న ఫోర్ వీల్ డ్రైవ్ అది. ఆ పిల్ల డాక్టరై మెల్‌బోర్న్‌లో కాపురం పెట్టినా బండి మాత్రం ఇంకా ఈ ఇంటినే అంటిపెట్టుకుని ఉంది. ఎంత కడిగినా తలుపుల రబ్బరు సందుల్లోంచి పిల్బరా ఎడారి ఎర్రమట్టి రాలుతూనే ఉంటుంది. లోపలికి తొంగిచూస్తే ఇంగువ వాసన. అది ఆయన భార్య శేషుకుమారి గారి పులిహోర పుణ్యం. ఎడారికి వెళ్లినా, సముద్రానికి వెళ్లినా, ఆవిడ డబ్బా లేకుండా ఆ బండి వీధి దాటిన పాపాన పోలేదు.

ద్వారకానాథ్ గారు బ్రిడ్జీల ఇంజనీరు. రిటైరయ్యాక ఆయనకు కాలూ చెయ్యీ ఆడలేదు. దిగాలుగా కూర్చుని టీవీలో వాతావరణం చూసేవారు. అలాంటి రోజుల్లో సుమంత్ అనే ఐటీ కుర్రాడు, శనివారాలు బండ్లేసుకుని అడవుల మీద పడే తెలుగు కుర్రాళ్ల గుంపులో ఆయన్ని చేర్చాడు. సుమంత్‌కు సొంత బండి లేదు గానీ సలహాలకు కొదవ లేదు.

"అంకుల్, మీ బండి సూపర్ సాలిడ్. లిఫ్ట్ చేయిస్తే ఇంక తిరుగుండదు. ఆ సైడ్ స్టెప్స్ కూడా తీయించేయండి, రాళ్లకి కొట్టుకుంటాయి."

ఆయన భార్యను అడక్కపోలేదు. వంటింట్లోంచి "మీ ఇష్టమండీ" అని వినబడింది. మన మగవాళ్లకు ఆ మాట చెవినపడితే చాలు, ఇక రెండో మాట అడగరు. వారం తిరిగేసరికి కొత్త స్ప్రింగులూ పెద్ద టైర్లూ వచ్చి బండి బెత్తెడు ఎత్తు పెరిగింది. ఎక్కే మెట్లు పోయి, వాటి చోట రాళ్ల దెబ్బలు కాచుకునే ఇనప కమ్మీలు వచ్చాయి. గుంపంతా చప్పట్లు కొట్టింది. ఆయన పసిపిల్లాడిలా నవ్వారు.

అప్పటినుంచే శేషుకుమారి గారికి పనులు ముంచుకొచ్చాయి. ఓ శనివారం గుళ్లో పారాయణం, ఇంకో శనివారం కరివేపాకు మొక్కకు కుండీ మార్చాలి, మరో శనివారం పక్కింటి విద్యావతి గారికి ఆవకాయ కలపడం నేర్పాలి. "మీరెళ్లి రండి, కుర్రాళ్లున్నారుగా తోడు" అని డబ్బా చేతికిచ్చి, శకునం బావుండాలని తనే ఎదురొచ్చేవారు. తిరుగుళ్ల మీద ఆవిడకు మోజు తీరిందనుకున్నారాయన. పెద్ద ఇంజనీరే పాపం! ఎంత బరువుకు ఏ దూలం వంగుతుందో చెప్పగలరు గానీ, ఇంట్లో మనిషి మోకాలు ఎంతవరకు వంగుతుందో ఎరగరు.

ఓ మధ్యాహ్నం నడకకని బయల్దేరిన మనిషి, కళ్లజోడు మరిచి వెనక్కి వచ్చారు. బండి నిలిపే కార్‌పోర్టులో శేషుకుమారి గారు ఒక్కరే ఉన్నారు. బండి పక్కన పూజ పీట. ఎడమకాలు దాని మీద మోపి, పైనున్న పిడి పట్టుకుని, "కృష్ణా, రామా" అంటూ ఊపు తీసుకుంటున్నారు. కుడి మోకాలు సగం లేచి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించారు. ఈసారి పీట జారబోతే తలుపు పట్టుకుని దిగిపోయారు. పీటకంటిన దుమ్ము కొంగుతో తుడిచి, తలెత్తేసరికి ఎదురుగా ఆయన.

"ఏం చేస్తున్నావు శేషూ?"

"ఏం లేదండీ. వచ్చేవారం అడవిపూలు చూడ్డానికి వెళ్తున్నారుగా. ఎక్కగలనేమోనని ప్రాక్టీస్."

"ఎక్కలేకపోతున్నానని నాకు చెప్పొచ్చుగా!"

"ఏం చెప్పనూ? రిటైరయ్యాక మీరు మనసారా నవ్వింది ఆ బండి ఎత్తించిన రోజే. మళ్లీ దించెయ్యండని ఏ నోటితో చెప్పను?"

ఆయన మనసు చివుక్కుమంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆ పీట మీదే కూలబడి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశారు. "లేవండీ, ఎవరైనా చూస్తారు" అని ఆవిడ కంగారు పడ్డారు గానీ, పక్కకు మాత్రం జరగలేదు.

మర్నాడే బండి గ్యారేజీకి వెళ్లింది. పాత ఎత్తుకు దిగింది, మెట్లు మళ్లీ వచ్చాయి. సుమంత్ లబోదిబోమన్నాడు.

"ఏంటంకుల్ ఇది! ఇంక మాతో ఆ రాళ్ల ట్రాక్స్‌కి ఎలా వస్తారు?"

"రాలేనులే నాయనా. మీ ఆంటీ ఎక్కలేని బండి నాకెందుకు?"

పూలకు బయల్దేరిన పొద్దున శేషుకుమారి గారు మెట్టు మీద కాలు పెట్టి, పిడి పట్టుకుని, ఎవరి సాయం లేకుండా ఎక్కి కూర్చున్నారు. కూర్చుని కాళ్లు చాపి చూసుకున్నారు. ఎదుటి డ్యాష్‌బోర్డు ఎక్కడో దూరంగా ఉంది.

"ఎవరండీ, నా సీటు ఇంత వెనక్కి జరిపిందీ?"

ఏడాదిగా ఆ సీట్లో సుమంత్ తన పొడుగు కాళ్లు చాపుకుని కూర్చుంటున్నాడు. ద్వారకానాథ్ గారు వంగి సీటు కింది పిడి లాగిపట్టుకున్నారు. ఆవిడ మడమలతో నేలను తన్నుకుంటూ ముందుకు, ఇంకాస్త ముందుకు జరిగి, డ్యాష్‌బోర్డుకు చెయ్యి అందాక ఆగారు.

"ఊఁ, ఇక పోనివ్వండి" అన్నారు.