శ్యాంబాబు కేకుల ఊరేగింపు

బందరులో మోకాళ్ళ డాక్టర్లు లేక కాదు శ్యాంబాబు గుడివాడ బస్సెక్కింది. బందరులో ఏ ఆసుపత్రి వరండాలో కూర్చున్నా పక్కన చర్చివాళ్ళెవరో ఒకరు తగులుతారు. తగిలినవాళ్ళు ఊరికే పోరు. "ఏంటి బాబూ, ఒంట్లో బాలేదా?" అని ఆరా తీసి, అతను ఇల్లు చేరేలోపు భార్య ప్రేమకు ఫోన్ చేసి, ఆదివారం నాటికి ప్రార్థన మనవుల్లో చేర్చేస్తారు. అభిమానమే, కాదనటానికి లేదు. ఆ అభిమానానికి ఒకసారి దొరికిపోతే మాత్రం మనిషికి దాపరికమంటూ మిగలదు. అందుకని "పెదపారుపూడిలో పాత ఫ్రెండున్నాడు, చూసొస్తా" అని ప్రేమతో చెప్పి బయటపడ్డాడు. అబద్ధం ఆడటం అతనికి బొత్తిగా చేతకాదు. ఆడేటప్పుడు చొక్కా బొత్తాలు సవరించుకుంటాడు. ఆ పూట ప్రేమ చేపలు కడుగుతూ ఉండి అటు చూడలేదు, అంతే.

శ్యాంబాబు ఓడలో పనిచేస్తాడు. సరుకులు మోసే ఓడ కాదు, జనాన్ని షికారు తిప్పే ఓడ. లోపల ఈతకొలనులు, సినిమా హాళ్ళు, మనం పేరు కూడా పలకలేని వంటకాలు. అందులో ఒక భోజనాల హాలుకు అతను హెడ్ వెయిటర్. హోటల్ కోర్సు చదివి విజయవాడలో బల్లలు తుడిచిన కుర్రాడు అంతదాకా వెళ్ళాడంటే అది వడ్డన గొప్పతనం కాదు. వడ్డన ఎవరైనా చేస్తారు. అతన్ని పైకి తెచ్చింది కేకుల ఊరేగింపు.

ఈ షికారు ఓడల్లో అదొక పాత ఆనవాయితీ. యాత్ర ముగింపుకు వచ్చాక ఒకనాటి భోజనాల్లో ఉన్నట్టుండి హాల్లో దీపాలు ఆర్పేస్తారు. పాట మొదలవుతుంది. వంటగది తలుపులు తెరుచుకుని వెయిటర్లందరూ వరసకట్టి వస్తారు, ఒక్కొక్కరి భుజం మీద పళ్ళెం, పళ్ళెంలో దీపాలు గుచ్చిన ఐస్‌క్రీమ్ కేకు. వాళ్ళు బల్లల మధ్య అడుగులేస్తూ తిరుగుతుంటే ప్రయాణికులు ఒళ్ళో రుమాళ్ళు తీసి గాల్లో గిరగిరా తిప్పుతూ కేకలేస్తారు. వరసకు ముందు నడిచేవాడు శ్యాంబాబు.

ఆ అడుగులు అతనికి ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు క్రిస్మస్ నెలలో బందరు వీధుల్లో డ్రమ్ములు వాయిస్తూ ఇంటింటికీ పాడుకుంటూ తిరిగేటప్పుడు, గెడకు కట్టిన కాగితపు నక్షత్రం పట్టుకునేది అతనే. లోపల దీపం ఆరకూడదు, పైన కరెంటు తీగ తగలకూడదు, కాళ్ళు మాత్రం ఆడాలి. ఆ విద్యే ఓడలో అక్కరకొచ్చింది. చివర్న హాలు మధ్యకొచ్చి గిర్రున తిరిగి, ఎడమ మోకాలి మీద దభీమని కూలబడి, పళ్ళెం తలకంటే ఎత్తుగా పట్టేవాడు. కేకు కదిలేది కాదు. హాలు హాలంతా లేచి నిలబడేది.

ఆ ఎడమ మోకాలే ఇప్పుడు మొరాయించింది.

గుడివాడ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాడు. "నడవండి, నిలబడండి, మీ పని మీరు చేసుకోండి. గెంతటం, ఆ మోకాలు నేలకి మోపటం మాత్రం ఇక మర్చిపోండి. లేదంటే కర్ర పట్టుకుంటారు" అన్నాడు.

శ్యాంబాబుకు కాస్త ఊపిరాడింది. ఎందుకంటే జబ్బులు ప్రబలిన రోజుల్లో జనం గుమిగూడకూడదని కంపెనీ ఆ ఊరేగింపు ఆపేసింది, ఇంతవరకూ మళ్ళీ మొదలుపెట్టలేదు. మోకాలు ఎలా ఉన్నా ఓడలో రెండు కాంట్రాక్టులు నెట్టుకొచ్చింది అందువల్లే. ఊపిరాడనివ్వనిది ఇంకోటుంది. కంపెనీవాళ్ళు తమ పేజీలో జనాన్ని అడుగుతున్నారు: ఓడలో ఏ ఆనవాయితీ తీసేద్దాం, ఏది మళ్ళీ తెద్దాం? ఊరేగింపు వద్దంటే అతను నిమ్మళంగా ఓడెక్కుతాడు. కావాలంటే ముందు నడవమని పిలిచేది అతన్నే. నడవలేనంటే ఉద్యోగం అనుమానం, నడిస్తే కాలు అనుమానం. ఇదంతా ప్రేమకు చెబితే అసలు గడపే దాటనివ్వదు, అందులో అనుమానం లేదు.

మందుల చీటీ కోసం బెంచీ మీద కూర్చుని అతను ఆ పేజీనే చూస్తున్నాడు. పక్కనున్న పెద్దాయన తొంగిచూసి, "ఈ ఓడేనండీ మేవెక్కింది" అన్నాడు. ముదినేపల్లి రైతు, పేరు శోభనాద్రి. కూతురు లిఖిత పట్టుబట్టి తీసుకెళ్ళిందట. తను అక్కడే పనిచేస్తానని శ్యాంబాబు చెప్పలేదు.

"ఎలా ఉందండీ ఓడ?" అని మాత్రం అడిగాడు.

"బానే ఉందండీ. కోటు తొడుక్కుంటేనే భోజనానికి రానిస్తామన్న రోజొకటుంది, అది తీసెయ్యాలి. మగాళ్ళ పిక్కలకి పోటీ పెట్టారు, సిగ్గులేకుండా, అదీ తీసెయ్యాలి. తువ్వాలుతో కోతిని చేసి మంచమ్మీద పెట్టిపోతారు చూడండీ, అది బావుంది, ఉంచొచ్చు."

"కేకుల ఊరేగింపో?"

"మేవెళ్ళినప్పుడు లేదు. మా అమ్మాయి వీడియో చూపించింది. నాకు నచ్చలేదండీ. మనకి అన్నం పెట్టిన చేతులవి. మనం తిన్నాక వాళ్ళని కూర్చోబెట్టి తినమనాలిగానీ, గంతులెయ్యమని మనం కూర్చుని చూడటవేంటి?"

సరిగ్గా ఈ మాట కోసమే శ్యాంబాబు చెవి కోసుకుంటున్నాడు. తీరా వినేసరికి ముఖం మీద నీళ్ళు కొట్టినట్టయింది. "వాళ్ళు ఇష్టంగానే గెంతుతారేవోనండీ" అన్నాడు, గొంతు తెలియకుండానే గట్టిపడింది.

"ఏమో మరి. వాళ్ళని అడిగిందెవరు?" అన్నాడు శోభనాద్రి, మోకాలు నిమురుకుంటూ.

ఆ ఆదివారం శ్యాంబాబు చర్చిలో లేచి నిలబడ్డాడు. అక్కడ ఒక వాడుక ఉంది. విషయం పైకి చెప్పుకోలేనివాళ్ళు "చెప్పుకోలేని మనవి ఒకటుంది, ప్రార్థించండి" అంటే చాలు, ఏమిటని ఎవరూ అడగకూడదు. అడగరు కూడా. అడగకుండానే తెలుసుకుంటారు. "ఓడ విషయంలో ఒక మనవి ఉందండి" అన్నాడతను. అనవసరంగా ఓడ పేరెత్తాడు. స్త్రీల కూడిక నడిపే దయామణి ఆంటీ ఆ మధ్యాహ్నమే ప్రేమ ఫోన్లో కంపెనీ పేజీ తెరిపించి చూసింది. ఊరేగింపు మళ్ళీ తేవాలా వద్దా అని ఉంది. పక్కనే శ్యాంబాబు మోకాలి మీద కూలబడి పళ్ళెం ఎత్తిన పాత ఫోటో. ఇక ఆమెకు వేరే చెప్పాలా?

"వెర్రిబాగులవాడు! ఆ ఊరేగింపు మళ్ళీ రావాలని లోపల కుమిలిపోతున్నాడే, సిగ్గుపడి చెప్పుకోలేదు" అంది ప్రేమతో.

ప్రేమ కూడా నమ్మింది. నమ్మదా మరి? ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ వీడియో చూపించి మురిసిన మనిషే అతను.

అప్పట్నుంచి మొదలైంది. బందరు కూడిక ఆడవాళ్ళు, వాళ్ళ తోడికోడళ్ళు, అవనిగడ్డలో ఆడపడుచులు, నాగాయలంకలో వియ్యపురాళ్ళు, ఓడంటే పులిగడ్డ వంతెన మీంచి చూసిన పడవ తప్ప తెలియని వాళ్ళంతా ఆ పేజీ మీద పడ్డారు. "ప్రైజ్ ద లార్డ్, మా శ్యాంబాబు ఊరేగింపు మళ్ళీ పెట్టవలెను" అని తెలుగులోనే రాసి కింద గులాబీలు, పావురాలు అంటించారు. ఎక్కడో ఒక తెల్లదొర "వెయిటర్లను ఇబ్బంది పెట్టే ఈ తంతు ఆపాలి" అని రాస్తే, దాని కింద దయామణి ఆంటీ అతని మారుమనసు కోసం ఒక బైబిలు వాక్యం పెట్టింది. శ్యాంబాబు ఆ ఫోన్ పట్టుకుని ఒక్కో మాటా చదువుతూ చెమటలు కక్కాడు. అన్నం సయించలేదు. ప్రేమ అది ఆత్రమనుకుని "వస్తుందిలెండి, దేవుడున్నాడు" అని వీపు నిమిరేది. నిమిరినప్పుడల్లా చెప్పేద్దామనుకునేవాడు. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయేది.

వచ్చింది. ఊరేగింపు మళ్ళీ పెడుతున్నామని, ముందు నడవటానికి సిద్ధంగా రమ్మని కంపెనీ మెయిలు పంపింది. బందరు ఆడవాళ్ళ మాట విని కాదు, నిజంగా ఓడెక్కినవాళ్ళలోనే ఎక్కువమంది అది కావాలన్నారట. ఆ ముక్క దయామణి ఆంటీకి ఎవరు చెబుతారు? పాలకాయతిప్ప సముద్రపొడ్డున కృతజ్ఞత కూడిక పెట్టేసింది. వ్యాను మాట్లాడి, పులిహోర కలిపించి, ప్లమ్ కేకు చేయించి అందర్నీ బయలుదేరదీసింది.

ఇసకలో దుప్పట్లు పరిచారు. పాటలయ్యాయి. దయామణి ఆంటీ కేకును స్టీలు పళ్ళెంలో పెట్టి శ్యాంబాబు చేతికిచ్చింది. "మేవందరం ఫోన్లోనే చూశాం బాబూ. ఒక్కసారి కళ్ళారా చూపించు."

"ఇసకండీ... ఇక్కడ కుదరదు ఆంటీ."

"ఇసకైతే మెత్తగా ఉంటుందిగా!" అన్నారు వెనకనుంచి. చప్పట్లు మొదలయ్యాయి. ఆడవాళ్ళు పైట చెంగులు, పిల్లలు చేతిరుమాళ్ళు పట్టుకుని తిప్పుతున్నారు. ప్రేమ అందరికంటే ముందు నిలబడి నవ్వుతోంది.

ఆ నవ్వు చూసి ఆగలేకపోయాడు. నిజం చెప్పాలంటే అదొక్కటే కాదు. పళ్ళెం భుజం మీదికి ఎక్కగానే అతని కాళ్ళకు మతి పోయింది. రెండడుగులు వేశాడు, నాలుగు వేశాడు, గిర్రున తిరిగాడు, ఎడమ మోకాలి మీద కూలబడి పళ్ళెం పైకెత్తాడు. కేకు కదల్లేదు. మోకాల్లో మాత్రం ఏదో పటుక్కుమంది. కళ్ళు బైర్లు కమ్మాయి. అరుపు బయటికి రాకుండా పళ్ళు బిగించి, పళ్ళెం ఇసకలో దించి, కళ్ళు గట్టిగా మూసుకుని తల వంచాడు.

చప్పట్లు టక్కున ఆగాయి. మోకరించి తల వంచి కళ్ళు మూసుకున్న మనిషిని చూస్తే వాళ్ళకు తోచేది ఒకటే. "ప్రార్థనలో ఉన్నాడు" అని గుసగుసగా అంది దయామణి ఆంటీ. అంతే, అందరూ అతని చుట్టూ ఇసకలో మోకరించారు. ఆమె గొంతెత్తింది. సముద్రాల మీద అతన్ని నడిపించినందుకు స్తోత్రం, ఊరేగింపు తిరిగి దయచేసినందుకు స్తోత్రం, ఆ కాళ్ళకు బలమిచ్చినందుకు స్తోత్రం. ఆ కాళ్ళ మాట వచ్చినప్పుడల్లా శ్యాంబాబు పళ్ళ బిగువున మూలిగాడు. ఆ మూలుగు విని మిగతావాళ్ళకు ఇంకా భక్తి పెరిగింది. ఎప్పటికి ఆపుతుందో తెలియదు, ఆపాక ఏం చేయాలో అంతకంటే తెలియదు.

ఆమెన్ అయ్యింది. అందరూ ఇసక దులుపుకుని లేచారు. శ్యాంబాబు లేవలేదు.

ప్రేమ పక్కకొచ్చి వంగింది. "ఏవండీ, అయిపోయింది, లేవండి."

"లేవలేను ప్రేమా."

ఆమె అతని ముఖం చూసింది, చెమట చూసింది, ఎడమ కాలు చూసింది. "ఎప్పట్నుంచి?"

"రెండు కాంట్రాక్టుల నుంచి."

"డాక్టరుకి చూపించారా?"

"గుడివాడలో."

"నొప్పని చెప్పుకోటానికి గుడివాడ దాకా వెళ్ళారా?" అంది. "నేను ఇంట్లోనే ఉన్నానుగా."

దయామణి ఆంటీ చేతిలో కేకు కోసే చాకుతో నిలబడిపోయింది. "మరి నీ మనవి, బాబూ?"

"అది మళ్ళీ రాకూడదనే ఆంటీ నేనడిగింది."

"అయ్యో నా తండ్రీ! ఆ ముక్క ముందే చెప్తే అలాగే చేసేవాళ్ళం కదయ్యా."

శ్యాంబాబుకు ఏడుపొచ్చింది. అందరి ముందూ దాచుకోకుండా ఏడ్చాడు. "అలాగే అడిగాను ఆంటీ. కానీ మెయిలొచ్చిన రోజు నాకు సంతోషమేసింది. కాలు పోతే పోయింది, ఇంకొక్కసారి నడుద్దామనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది. అదే నాకు భయంగా ఉంది."

ప్రేమ అతని పక్కనే ఇసకలో మోకరించింది. "అందరూ కూర్చోండి. నా మనవి నేను పైకే చెప్తాను" అని కళ్ళు మూసుకుంది. ఆమె ఎప్పుడూ పదిమందిలో ప్రార్థన చేసి ఎరగదు.

"ప్రభువా, ఈయనకి అదంటే ప్రాణమని నాకు తెలుసు. ఆ వీడియో చూపించి చూపించి నన్ను కూడా మురిపించాడు. అయినా ఈయన్ని పంపొద్దు. ఉద్యోగం పోతే పోనీ, చేపలమ్ముకునైనా బతుకుతాం. నడిచి వెళ్ళిన మనిషిని నా దగ్గరికి మోసుకు రానీయొద్దు. ఇంతే."

చుట్టూ ఆమెన్ అన్నారు, దయామణి ఆంటీ అందరికంటే మెల్లిగా. ప్రేమ కళ్ళు తెరిచి భర్త వంక చూసింది. ఎదుటివాళ్ళ ప్రార్థనకు ఆమెన్ అన్నామంటే అది మన మనవి కూడా అయిపోయినట్టే, ఆ తర్వాత వెనక్కి తీసుకోవటం వాళ్ళలో లేదు. శ్యాంబాబుకు ఆ చీకటి హాలూ, గాల్లో తిరిగే రుమాళ్ళూ, తలుపు వెనక పళ్ళెం భుజానికెత్తుకుని పాట కోసం ఎదురుచూసే ఆ కాసేపూ గుర్తొచ్చాయి. ప్రేమ అతని చంక కింద చెయ్యి వేసింది. లేపటానికి బిగించి పట్టుకుంది, కానీ లేపలేదు.

"ఆమెన్" అన్నాడు శ్యాంబాబు.

అప్పుడు లేపింది.