ముత్యం చేసిన ఆట

బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక కంప్యూటర్ దుకాణం మేడమీద, కిటికీ లేని గదిలో ఉంటూ ముత్యం ఫ్లాపీలు కాపీ చేసేవాడు. తొంభైల నాటి మాట. అప్పట్లో కొన్ని కంప్యూటర్ ఆటల మొదటి భాగాన్ని ఎవరైనా కాపీ చేసి పంచుకోవచ్చు. నచ్చితే, చేసినవాడికి డబ్బు పంపి మిగతా భాగాలు తెప్పించుకోవాలి. దుకాణంలో అమ్మేవి ఆ మొదటి భాగాలే.

జగిత్యాల దగ్గర ఐటీఐ చదివి, రెండేళ్ల ఒప్పందం మీద వచ్చాడు ముత్యం. గడువు ముగిసినా దుకాణం యజమాని, అంటే అతనికి వీసా ఇచ్చి రప్పించిన కఫీల్, పాస్‌పోర్టు ఇవ్వలేదు. అడిగితే రంజాన్ అయిపోనీ అన్నాడు. రంజాన్ అయ్యాక నీ చోట మనిషి దొరకనీ అన్నాడు. గట్టిగా అడగడానికి ముత్యానికి నోరు రాలేదు. పొద్దస్తమానం డిస్కు పెట్టడం, తీయడం, లేబుల్ అంటించడం. ఏసీ హోరులో బయట ఎండో వానో తెలిసేది కాదు.

డిస్కులు కాపీ అయ్యే సందుల్లో పుస్తకం చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. ఒక ఆట చేశాడు. అందులో ఒక మనిషి కఫీల్ సొరుగులోంచి తన పాస్‌పోర్టు తీసుకుని, కాపలావాళ్లను తప్పించుకుంటూ ముహర్రక్ విమానాశ్రయం చేరాలి. మాటలన్నీ తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. విమానాశ్రయం తలుపు దగ్గర ఆట ఆగిపోయి, “మిగతాది కావాలంటే ముత్యానికి రాయండి” అని వస్తుంది. దాన్ని మిగతా ఆటల డిస్కుల్లో కలిపి కిందికి, దుకాణంలోకి పంపేశాడు.

చాలాకాలం ఎవరూ పలకలేదు. ఒకరోజు సల్మానియా ఆస్పత్రిలో పనిచేసే నర్సు సువార్తమ్మ దుకాణానికి వచ్చింది.

“తెలుగు ఆట చేసిన ముత్యం గారెవరండీ? మా చర్చి పిల్లలంతా అదే ఆడుతున్నారు. సెలవుకెళ్లినవాళ్లు ఊళ్లకి కూడా పట్టుకెళ్లారు. రెండో భాగం ఇవ్వండి.”

“ఇంకా చెయ్యలే మేడం,” అన్నాడు ముత్యం సిగ్గుపడుతూ.

కఫీల్ విని ఆట పెట్టించుకు చూశాడు. సొరుగు కనబడగానే పకపకా నవ్వాడు. “బాగుంది భాయ్! రెండోది చెయ్యి, అమ్ముదాం. ఇలాంటి మనిషిని ఎవడైనా ఇంటికి పంపుకుంటాడా?”



కొన్నాళ్లకు జగిత్యాల నుంచి భార్య వినోద ఫోన్ చేసింది. “మా తమ్ముడు కంప్యూటర్ నేర్చుకునేకాడ నీ ఆట ఉన్నది. తోల్కపోయి చూపిచ్చిండు. నీ ఆట ఇంటికొచ్చింది. నువ్వెప్పుడొస్తవ్?”

ముత్యం నేరుగా వెళ్లి కఫీల్ ముందు నిలబడ్డాడు. “నా పాస్‌పోర్టు ఇవ్వండి. రెండోది చెయ్యను.”

“అయితే కాపీలు చేసుకో. పో.”

ఆ రోజు ముత్యం ఒక్క డిస్కూ ముట్టలేదు. మర్నాడు ముత్యం లోపల ఉండగానే మేడ తలుపుకు బయట తాళం పడింది. తిండి మాత్రం పైకి వచ్చింది. కొన్ని రోజులు చూసి, మళ్లీ డిస్కు పెట్టాడు; తాళం తీశారు. రెండో భాగం మాత్రం చేయలేదు.

సీడీలు వచ్చి ఫ్లాపీల బేరం పడిపోయిన ఏడు, కఫీల్ పాస్‌పోర్టు బల్లమీద పడేశాడు. “ఖలాస్. వెళ్లు.” తీరా తెరిచి చూస్తే దాని గడువు ఎప్పుడో తీరిపోయింది. కొత్తది చేతికొచ్చేదాకా సువార్తమ్మ వాళ్లే అతనికి నీడ ఇచ్చారు.

ఆ వేసవిలో ముత్యం ఇల్లు చేరాడు. ఇప్పటికీ తాను గదిలో ఉంటే తలుపు దగ్గరికి వేయనివ్వడు.