మంచులోంచి వచ్చిన బంతి

పొగమంచు పడిన ఆదివారం జెఫెరీను గోలు కొట్టక మానడని ఊరంతా నమ్మేది. ఎండ కాసిన రోజు అతను మామూలు ఫార్వర్డే. పోర్చుగల్ రెండో డివిజన్‌లో తొమ్మిదేళ్లు, మొదటి డివిజన్‌లో రెండేళ్లు, అన్నీ సొంత ఊరి జట్టుకే ఆడాడు. కొట్టిన అరవై రెండు గోల్స్‌లో నలభైకి పైగా మంచులో కొట్టినవే.

మైదానానికి పడమటి పక్క పొట్టి గోడ, గోడ అవతల సముద్రం. ఆట మధ్యలో మంచు ఆ గోడ దాటి వచ్చి కూర్చుంటే అవతలి గోలు స్తంభాలు కూడా కనపడవు. పంతొమ్మిదో ఏట, మొదటిసారి, అలాంటి మంచులోనే ఎడమ పక్కనుంచి బంతి మెత్తగా వచ్చి అతని పాదం దగ్గర ఆగింది. తన్నాడు, గోలు పడింది.

ఆట అయ్యాక ఎడమ పక్క ఆడే నార్సీజుతో అన్నాడు. "పాస్ భలే ఇచ్చావురా."

"నేనా? నేను అవతలి కొసన బూటు ఊడిపోయి వెతుక్కుంటున్నా. నీకు సముద్రం ఇచ్చుంటుందిలే."

అందరూ నవ్వారు. జెఫెరీను కాస్త ఆలస్యంగా నవ్వాడు. చివర్లో లోపలికి తిరిగే ఆ బంతి అతనికి కొత్త కాదు. ఇసుకలో గుడ్డల బంతితో ఆడిన రోజుల్లో అన్న అబీలియు అలాగే ఇచ్చేవాడు. ఆ ముందటి చలికాలమే అబీలియు ఎక్కిన పడవ మునిగింది. నలుగురి శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అబీలియుది రాలేదు.

జెఫెరీనుకు ఒక్కడికే తెలిసిన సంగతి ఒకటుంది. పన్నెండేళ్లప్పుడు అతని కాలు విరిగితే, ఇక కుంటుతాడని డాక్టరు చెప్పేశాడు. అన్న అతన్ని వీపున వేసుకుని మరియమ్మ గుడికి మోసుకెళ్లి, "తల్లీ, వీడు పరిగెత్తితే చాలు. నా ఎత్తు కొవ్వొత్తి పట్టుకుని, చెప్పుల్లేకుండా నీ ఊరేగింపులో నడుస్తాను" అని మొక్కాడు. కాలు బాగైంది. మొక్కు మాత్రం ఈ ఆగస్టు కాకపోతే వచ్చే ఆగస్టు అంటూ వాయిదా పడి, చివరికి సముద్రం పాలైంది.

మొక్కు తీర్చకుండా పోయినవాడికి దారి దొరకదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. రక్తసంబంధం ఉన్నవాళ్లు తీర్చేదాకా బతికున్నవాళ్ల మధ్యే తిరుగుతాడు.

మొదట్లో జెఫెరీనుకు భయమేసింది. అయిదో గోలు తర్వాత ఆ భయం పోయింది. తీరిస్తే అన్న వెళ్లిపోతాడు, అన్న వెళ్లిపోతే బంతి రాదు. అందుకని మొక్కు సంగతి దాచి, ఏటా ఆత్మల పండుగకు అన్న పేరున పూజ చెప్పించేవాడు.

"పూజ మంచిదే నాయనా. కానీ తీర్చాల్సిన మొక్కేదైనా ఉంటే పూజతో తీరదు" అని ముసలి ఫాదర్ ఎర్మెనెజిల్దు ఒకసారి అన్నాడు. జెఫెరీను తల వంచుకుని వచ్చేశాడు.

ఏళ్లు గడిచేకొద్దీ బంతి నెమ్మదించింది. చల్లగా, తడిగా, ఇసుక అంటుకుని వచ్చేది. చలికి ఆటగాళ్ల మేజోళ్లు పొయ్యి దగ్గర వెచ్చబెట్టి ఇచ్చే ఎర్మెలిందా అత్త ఒకనాడు అడిగింది. "ఏరా, అందరి బట్టలకీ బురద, నీ బట్టలకి ఉప్పు. నువ్వెక్కడ ఆడొస్తున్నావురా?"

"చెమట అత్తా."

"చెమటకి నాచు కూడా పడుతుందా?" అంటూనే ఆ మేజోళ్లను మిగతా వాటితో కలపకుండా విడిగా ఉతికింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

జట్టులో చేరిన తొమ్మిదో ఏడు, గెలిస్తే మొదటి డివిజన్‌కు వెళ్లే ఆట. మంచు దిగింది. ఎడమనుంచి బంతి వచ్చింది. దాని వెనకే ఈసారి ఎవరో రొప్పుతున్న చప్పుడు. ఒక కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు. విరిగిన కాలుతో పన్నెండేళ్ల జెఫెరీను అలాగే నడిచేవాడు.

"తమ్ముడూ, ఇంక నడవలేనురా" అన్న మాట చెవి పక్కనే వినిపించింది.

అతని కాలు ఆగలేదు. అలవాటుగా తన్నేసింది. గోలు పడింది. జనం అతన్ని భుజాల మీద ఎత్తుకుని ఊరేగిస్తుంటే, కింద ఉన్నవాళ్లంతా అతను ఆనందంతో ఏడుస్తున్నాడనుకున్నారు.

ఇంటికెళ్లి తల్లి దెయొలిందాకు అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు.

"నువ్వు మంచులో ఆడినప్పుడల్లా మన గడప తడిగా ఉండేదిరా. నువ్వు జడుసుకుంటావని నువ్వొచ్చేలోగా తుడిచేసేదాన్ని."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం అమ్మా?"

"నువ్వు మాత్రం చెప్పావా?"

మర్నాడు కొవ్వొత్తులు పోసేవాడు ఎత్తెంతని అడిగాడు. అబీలియును కొలిచి పెట్టుకున్నవాళ్లు లేరు. తల్లి గోడకు ఆనుకుని నిలబడింది. "వాడు వంగకుండానే నా నుదురు ముద్దు పెట్టుకునేవాడు. వాడి పెదాలు ఇక్కడికొచ్చేవి. ఆ పైన ముఖం ఎంతుంటుందో నువ్వే వేసుకో బాబూ" అంది. ఆ మనిషి చేతులు తుడుచుకుని, ఎంతో నెమ్మదిగా గీత గీశాడు.

ఆగస్టు ఊరేగింపులో జెఫెరీను కొవ్వొత్తి పట్టుకుని వట్టి కాళ్లతో నడిచాడు. వీధి పొడవునా పరిచిన పూల మీద అతని అడుగుల పక్కనే ఇంకో జత తడి అడుగులు పడుతూ వచ్చాయి. వెనక నడిచే ఆడవాళ్లు చూశారు. ఒక మనిషి నడిచేంత చోటు వదిలి, పక్కకు జరిగి, జపమాల చెప్పుకుంటూ నడిచారు. తడి అడుగులు గుడి మెట్లెక్కాయి. తిరిగి దిగలేదు.

నవంబరులో, మొదటి డివిజన్‌లో, మొదటిసారి మంచు పడింది. జెఫెరీను ఎడమ పక్కకు చెవి ఒగ్గి నిలబడ్డాడు. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి తనే పరుగెత్తాడు. బంతి కోసం వెంటపడ్డాడు, జారాడు, లేచాడు, రెండుసార్లు గోలు పక్కకు కొట్టాడు.

"మంచు మొనగాడికి కళ్లజోడు తెచ్చివ్వండ్రా" అని జనంలోంచి ఎవరో అరిచారు.

అరవయ్యో నిమిషంలో కోచ్ అతన్ని బయటికి పిలిచేశాడు. "ఏమైందిరా ఇవాళ నీకు?"

జెఫెరీను దుప్పటి కప్పుకుని బల్ల మీద కూర్చున్నాడు. ఊపిరి సర్దుకునేదాకా ఆగి అన్నాడు. "ఏం కాలేదు సార్. ఇవాళ నేనొక్కణ్ణే ఆడాను."