పెట్టె మీద డెబ్బై రెండు వాట్లు

నెల్లికుదురులో నాది మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. కాలిపోయిన మోటారు బాగుచేసి ఇచ్చేటప్పుడు మీటరు పెట్టి, ఎన్ని ఆంప్స్ గుంజుతోందో రైతుకు చూపించాకే పంపిస్తాను. మా నాయిన పెట్టిన పద్ధతి అది. తొందరగా పోవాలన్న రైతును కూడా కూర్చోబెట్టి చూపిస్తాను.

తెలంగాణ రాష్ట్రం ఇస్తామని చెప్పి ఇంకా ఇవ్వని చలికాలం అది. బంద్ పిలుపు వచ్చిన రోజు బస్సులు కదిలేవి కావు. మా బావ, అంటే అక్క భర్త, గంగారం వైపు జీపు నడిపేవాడు. దవాఖానకు పోవాల్సిన వాళ్లను, రాస్తారోకోలు మొదలుకాకముందే, తెల్లవారుజామున మహబూబాబాద్ చేర్చేవాడు. అడవి దారిలో మంచుకు పాత లైట్లు చాలడం లేదని ఒకరోజు నాతో అన్నాడు.

మహబూబాబాద్‌లో ఒక దుకాణంలో నేనే ఎల్‌ఈడీ లైటు కొన్నాను. పెట్టె మీద డెబ్బై రెండు వాట్లని ఇంత పెద్ద అక్షరాలతో ఉంది. దుకాణదారు రోజూ దీక్షా శిబిరంలో కూర్చునే మనిషి. మన వాటా కరెంటు కాగితాల మీదే ఉంది, మన బావులకు రాలేదని ఆయన మైకులో మాట్లాడితే నేనే చప్పట్లు కొట్టాను. అలాంటి మనిషి మీద అనుమానమెందుకు వస్తుంది? ఆ సాయంత్రమే జీపుకు బిగించాను. గోడ మీద వెలుగు తెల్లగా, కళ్లు చెదిరేలా పడింది. బావ మురిసిపోయాడు.

నాలుగో రోజు పొద్దున మంచులో ఆ వెలుగు పది అడుగులు దాటలేదు. మలుపు కనబడక జీపు కల్వర్టు పక్కకు దిగిపోయింది. ఎక్కినవాళ్లు చిన్న దెబ్బలతో బయటపడ్డారు. బావ కాలు విరిగింది.

జీపును లాక్కొచ్చాక ఆ లైటుకు మొదటిసారి మీటరు పెట్టాను. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద, పెట్టె మాట నిజమైతే ఆరు ఆంప్స్ గుంజాలి. ఒకటిన్నర దగ్గర ఆగిపోయింది. అంటే పద్దెనిమిది వాట్లు. నా ఒళ్లు మండిపోయింది. లైటు, బ్యాటరీ, మీటరు పట్టుకుని నేరుగా శిబిరానికే పోయి, టెంటు కింద అందరి ముందు వైర్లు కలిపాను.

“పెట్టె మీద ఏమున్నది, గిండ్ల ఏమున్నది, జర సూడన్నా,” అన్నాను.

దుకాణదారు మీటరు వైపు చూడనే లేదు. “కంపెనీ అట్లనే రాస్తది. నేను తయారు జేసిన్నా? ఉద్యమం నడుస్తాంటే మనల మనకు గీ లొల్లి ఎందుకు?”

“కాగితం మీద సూపెట్టి మోసం జేసిండ్రని మొన్న మైకుల జెప్పింది నువ్వే గద. మంది జేస్తే మోసం, నువ్వమ్మితే కంపెనీ తప్పా?”

శిబిరం పరువు పోతుందని ఒక పెద్దమనిషి నా భుజం పట్టి బయటికి నడిపించాడు. ఉద్యమాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకున్న ఆ దుకాణదారును తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు కొరకబుద్ధవుతుంది.

ఆ కోపమంతా దవాఖానలో బావ ముందు వెళ్లగక్కాను. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఆయన చివరిదాకా విన్నాడు.

“ఆడు అమ్ముకునేటోడు. మీటరు పెట్టంది నువ్వు ఎవ్వల మోటారూ ఇయ్యవు గద, బామ్మర్ది,” అన్నాడు మెల్లగా. “నా జీపుకెందుకు పెట్టలే?”