కొండల్ రావు మొగ్గు తూకం

కొండల్ రావు కాటా దండెను ఒళ్లో పెట్టుకొని, కిరసనాయిలు ముంచిన గుడ్డతో తుప్పు తుడుస్తున్నాడు. గరాజ్ తలుపు సగం ఎత్తి ఉంది. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో అప్పుడప్పుడే మంచు కరిగి గడ్డి బయటపడుతోంది.

మూతపడిన ఒక దాణా మిల్లు సామాను వేలంలో దొరికింది ఆ కాటా. చెయ్యి పొడవు ఇనుపదండె. పొట్టి వైపున బరువు తగిలించే కొక్కెం, పొడుగు వైపున గీతల మీద జరిగే గుండు. గుండును జరుపుతూ పోతే ఒకచోట దండె నేలకు సమంగా నిలుస్తుంది. అక్కడి గీతే బరువు. సాగిపోవడానికి ఇందులో స్ప్రింగు లేదు. దండె ఆనే అంచు శుభ్రంగా ఉంటే వందేళ్లయినా అబద్ధమాడదు.

అది కావలసింది వాల్ట్‌కు. కార్లకు ఇనుప భాగాలు పోతపోసే ఫ్యాక్టరీలో వాల్ట్ కొలిమి దగ్గర, కొండల్ రావు తూకం యంత్రాల మరమ్మతులో పనిచేసేవారు. కొండల్ రావుకు ఆ పని ఎవరూ నేర్పలేదు. జనగామలో తండ్రి ధాన్యం కొట్లో కాటా పట్టుకొని పెరిగాడు. డెబ్బై ఎనిమిదిలో ఇక్కడికి వచ్చి ఫ్యాక్టరీలో చేరాక పెద్ద యంత్రాలను విప్పి, చెడగొట్టి, మళ్లీ బిగించి తెలుసుకున్నాడు.

ప్రతి వసంతంలోనూ వాల్ట్ ఉత్తరాన అడవుల్లోకి టర్కీ కోళ్ల వేటకు పోయేవాడు. అడవి అంచున హోవర్డ్ అనే అతని కొట్టు ఉండేది. వేటగాళ్లు తాము కొట్టిన పక్షులను అక్కడ తూచేవారు. ఇరవై పౌన్లు దాటిన పక్షి అయితే, కొట్టినవాడి పేరు గోడమీది చెక్కపలకపై కాల్చి రాసేవారు.

"ఆ పలక నిండా అబద్ధాలే రావ్," అన్నాడు వాల్ట్. "హోవర్డ్ స్ప్రింగు కాటా ఎప్పుడో సాగిపోయింది. దానికి తగిలిస్తే మా అత్తగారి పిల్లి కూడా ఇరవై దాటుతుంది."

ఆ మాట అతను హోవర్డ్ కొట్లోనే అందరి ముందూ అనేశాడు. పలక మీద పేరున్నవాళ్లలో సగంమంది అతనితో మాట్లాడడం మానేశారు. నిజమైన కాటాను, దాన్ని పట్టే నిజమైన మనిషిని తెస్తానని, ఆ కొక్కేనికి పక్షి తగలనిదే ఇక పలక మీద పేరు ఎక్కకూడదని వాల్ట్ వాళ్లకు చెప్పి వచ్చాడు.

"ఆ పక్షిని కోసుకొని తినేటోళ్లకు బరువుతోని ఏం పనండి?" అంది కొండల్ రావు భార్య వసుమతి, గరాజ్ గుమ్మంలో నిలబడి.

"పలక మీద పేరు రాస్తరు."

"మరి పక్షి పేరు రాయరా? చచ్చింది అది గదా!"

కొండల్ రావు నవ్వాడు. ఫ్యాక్టరీ నుంచి అడిగి తెచ్చిన తూకపు రాళ్లను కొక్కేనికి తగిలించి, కళ్లజోడు సరిచేసుకొని, దండె మట్టంగా నిలిచేదాకా వంగి చూశాడు. అయిదు పౌన్ల రాయి అయిదు దగ్గర నిలిచింది. ఇరవై రాయి ఇరవై దగ్గరే నిలిచింది.

వేట మొదలయ్యాక వచ్చిన ఆదివారం హోవర్డ్ కొట్టు వెనక షెడ్డులో కాటా వేలాడదీశారు. వేటగాళ్లు మూగారు. కొండల్ రావు ఒక్కో పక్షి కాళ్లు కట్టి, కొక్కేనికి తగిలించి, గుండు జరిపి, దండె పైకి లేచి నిలవగానే అంకె చెప్పాడు. చేతులు చకచకా సాగాయి. ఇంతమంది చుట్టూ నిలబడి తన తూకం చూస్తుంటే అతనికి తండ్రి కొట్టు గుర్తొచ్చి హుషారు పుట్టింది.

చివరిది వాల్ట్ పక్షి. గడ్డంలా వేలాడే ఈకల కుచ్చు, రాగిరంగు వీపు. ఇంట్లో చూసుకున్నప్పుడు ఇరవై దాటిందని వాల్ట్ దారిపొడుగునా చెబుతూ వచ్చాడు.

దండె లేచింది. "పంతొమ్మిది పౌన్ల పద్నాలుగు ఔన్సులు," అన్నాడు కొండల్ రావు. పౌనుకు పదహారు ఔన్సులు; ఇరవైకి రెండు తక్కువ.

షెడ్డులో అందరూ ఒక్కసారిగా గొల్లున నవ్వారు.

"ఆ రెండు ఔన్సులూ ఏ పొదలో పారేసుకున్నావ్ వాల్ట్?"

"మీ అత్తగారి పిల్లిని పట్టుకురావలసింది!"

వాల్ట్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కాటా వైపు వేలు చూపి, "రావ్ చెప్పిందే బరువు," అన్నాడు. ఇంకోసారి తూచమనలేదు. అక్కడే కూర్చొని ఈకలు పీకి, పక్షిని కోసి, ముక్కలు ఐసు పెట్టెలో సర్దుకున్నాడు.

ఆ తర్వాతి శనివారం కొండల్ రావు ఇంటికి కందిపప్పు బస్తా వచ్చింది. ఆ రోజుల్లో మంచి పప్పు దొరికే దుకాణం దూరం. నాలుగైదు తెలుగు కుటుంబాలు కలిసి బస్తా తెప్పించుకొని సమంగా పంచుకునేవారు. తూకం అయ్యాక కాటాను ఇంటికి తెచ్చేసుకున్నాడు కనుక కొండల్ రావు దానితోనే తూచాడు. గుండును గీత మీద నిలిపి, సంచిలో పప్పు పోసి, దండె పైకి లేచాక మరో గుప్పెడు వేశాడు. తన వాటాకు వచ్చేసరికి బస్తా అడుగు కనిపించింది.

"మీరు తూస్తె మన వాటాకు ఎప్పుడూ తరుగే," అంది వసుమతి.

తన సంచి మూతి కట్టుకుంటున్న జగదీష్ పకపకా నవ్వాడు. వాళ్ల ఇంటి వెనక వీధిలో ఉంటాడతను. "అందుకే నేను అందరికన్న ముందుగాల వస్త వదినా. అన్నది మొగ్గు చెయ్యి. మొగ్గు వెయ్యంది ఆ చెయ్యి కాటా వదలదు."

కొండల్ రావు చేతిలోని చేట అలాగే ఆగిపోయింది.

కాటా కొనేవాడి వైపు మొగ్గి దిగేదాకా సరుకు పోస్తేనే తండ్రి కొట్లో తూకం అయినట్టు; అదే మొగ్గు. దండె మట్టంగా ఉండగా చెయ్యి తీస్తే తండ్రి మణికట్టు మీద కొట్టేవాడు. పప్పుకైతే మొగ్గు వెయ్యవచ్చు, ఇంకో గుప్పెడు పోస్తే సరి. పక్షికి ఏం పోస్తాడు? దండె పైకి లేచి ఉండడం కోసం ఆ ఆదివారం తన చెయ్యి గుండునే వెనక ఆపేసింది. ఫ్యాక్టరీలో ముల్లు తిరిగే యంత్రాల ముందు ఆ చేతికి పనిలేదు. పాత కాటా దొరకగానే పాత పని చేసింది.

జగదీష్ వెళ్లాక ఇరవై పౌన్ల రాయిని తగిలించి, వంగి చూడకుండా, ఆ రోజు నిలబడ్డట్టే నిలబడి తూచాడు. దండె లేచాక చూస్తే గుండు పంతొమ్మిది పౌన్ల పన్నెండు ఔన్సుల దగ్గర ఉంది. మళ్లీ తూచాడు. అక్కడే ఆగింది.

సోమవారం ఫ్యాక్టరీ భోజనాల గదిలో ఎవరో వాల్ట్‌ను "మిస్టర్ నైన్‌టీన్!" అని పిలిచారు. వాల్ట్ తల ఎత్తలేదు. కొండల్ రావు తన డబ్బా తీసుకొని వెళ్లి కార్‌లో కూర్చున్నాడు. మర్నాడూ అంతే. డబ్బా మూత తియ్యలేదు.

"అన్నం అట్లనే తెస్తున్నరేందండి?" అంది వసుమతి.

"నన్ను నమ్మి నోరు మూసుకున్నడు వసూ. వాణ్ని అబద్ధాలకోరును చేసిన."

"అయితె పోయి చెప్పుండి. డబ్బాల అన్నం దాచిపెడితె ఏమైతది?"

ఆ రాత్రి అతను ఇత్తడి ముక్కను అరగదీసి రెండు ముళ్లు చేశాడు.

ఆదివారం కాటా, రాళ్లు తీసుకొని వాల్ట్‌తో కలిసి హోవర్డ్ కొట్టుకు వెళ్లాడు. సంగతి ఏమిటని దారిలో వాల్ట్ అడిగితే, అక్కడ చెబుతానన్నాడు. షెడ్డులో మనుషులు ఉన్నారు. కొండల్ రావు ఇరవై రాయిని వాళ్ల చేతుల్లో పెట్టి, దాని మీది అంకె చూసుకోమన్నాడు. తర్వాత దాన్ని తగిలించి, తన అలవాటు ప్రకారమే తూచి, గుండు ఎక్కడుందో చదవమన్నాడు.

హోవర్డ్ చదివాడు. "నాలుగు ఔన్సులు తక్కువ. కాటా చెడిందా?"

"కాటా బాగానే ఉంది. నా చెయ్యి చెడింది. దండె మట్టం కాకముందే ఆపేస్తున్నాను. ఆ రోజు అన్ని పక్షులకూ అలాగే ఆపాను. వాల్ట్ పక్షి ఇరవై దాటింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది అతనికి. పొయ్యి పక్కనున్న ముసలి వేటగాడు టోపీ తీసి తల గోక్కున్నాడు. హోవర్డ్ గోడ దగ్గరికి వెళ్లి కాల్చి రాసే ఊచ అందుకున్నాడు.

"అది అక్కడ పెట్టు," అన్నాడు వాల్ట్. "కొక్కేనికి పక్షి లేకుండా పలక మీద పేరు ఎక్కదు. ఆ మాట అన్నది నేనే."

"వాల్ట్, తప్పు నాది," అన్నాడు కొండల్ రావు.

"నీదే. పక్షిని మాత్రం తినేశాం." వాల్ట్ రాయిని కొక్కెం మీంచి తీసి పక్కన పెట్టాడు. "పోయినవారమే చెప్పి ఉంటే బాగుండేది రావ్. ఎముకలైనా ఉండేవి."

కొండల్ రావు వంగి పనిముట్ల సంచి విప్పాడు. సంచిలోంచి ఇత్తడి ముళ్లు తీశాడు. ఒకటి దండె కొసకు, రెండోది ఎదురుగా షెడ్డు గుంజకు బిగించాడు. దండె సరిగ్గా మట్టమైనప్పుడే రెండు మొనలూ ఎదురెదురుగా నిలుస్తాయి. పైన ఆగినా కింద ఆగినా ఎడం కనిపిస్తుంది. మరలు గట్టిగా తిప్పి, నూనె చుక్క వేసి పక్కకు జరిగాడు.

"నువ్వు తూచు," అన్నాడు.

వాల్ట్ రాయి తగిలించి గుండు జరిపాడు. దండె పైకి లేచినప్పుడు కొండల్ రావు చెయ్యి తనంతట తానే ముందుకు రాబోయింది. దాన్ని జేబులో పెట్టుకున్నాడు. గుండు ఇంకాస్త కదిలింది. మొనలు కలిశాయి.

"ఇరవై," అన్నాడు వాల్ట్.

హోవర్డ్ పాత స్ప్రింగు కాటాను మేకు మీంచి దింపి చెత్తడబ్బాలో పడేసి, కొత్తదాని కొక్కెం తుడిచి, పనిముట్ల సంచి కోసం చెయ్యి చాచాడు. కొండల్ రావు కాటాను అక్కడే వదిలి, నూనె సీసా, గుడ్డ, మరలు తిప్పే పనిముట్టు అతనికిచ్చి, ఫ్యాక్టరీకి తిరిగివ్వాల్సిన తూకపు రాళ్లు మాత్రం తీసుకొని కార్ వైపు నడిచాడు.