వంక మాట విన్న మనిషి

పోయిన వారం ఎమ్మిగనూరు నుంచి కార్డు వచ్చింది. "నాయన సోమవారం పొద్దున పోయినాడు. మీకు తెలపమని ముందే సెప్పినాడు" అని మా గేజీ పెద్దాయన కొడుకు రాశాడు. ఆ పెద్దాయన మీకెవరికీ తెలిసి ఉండడు. వంకలో నీరు ఎంత ఎత్తున పారుతోందో రోజూ చూసి రాసే చిన్న ఉద్యోగం ఆయనది. నాకున్న గురువుల్లో ఆయనే పెద్ద.

డెబ్బైల చివర్లో ఆదోనిలో కొత్త ఇంజనీరుగా చేరాను. తల నిండా లెక్కలు, కాళ్లకు బూట్లు. అడుగులు గీసి వంకలో నిలువునా పాతిన గేజీ అనే కొలకర్ర దగ్గర ఆయన్ని మొదటిసారి చూశాను. నమస్కారం పెట్టి, నీళ్లకేసి చెయ్యి చూపించాడు.

"ఎర్రగుండాయి సూడు సార్. పత్తికొండ దిక్కు వాన పడింది. నల్లగా వచ్చింటే ఈ పక్క రేగడి నీళ్లు."

మా నెత్తిన మబ్బు తునక కూడా లేదు. నవ్వుకున్నాను. సాయంత్రం పత్తికొండ బస్సు చక్రాల నిండా బురదతో వచ్చింది. దోసెడు నీళ్లలో అన్ని ఊళ్ల నేలను చదివే మనిషి ఆయన.

ఆ వంక మీద వంతెన కట్టాలనుకున్నారు. వరదకు ఎంత నీరు వస్తుందో నేను చెప్పాలి, దాన్నిబట్టి ఎత్తు నిర్ణయిస్తారు. ఆ ఏడు వరద రానే వచ్చింది. కొలకర్ర మీద తొమ్మిదడుగులు. తొమ్మిదడుగులకు ఎంత నీరో పట్టికలో చూసి అంకె రాసేశాను. పెద్దాయన బల్ల దగ్గర నుంచి కదల్లేదు.

"ఆ అంకె పంపొద్దు సార్."

"తొమ్మిదని రాసింది నువ్వే కదా?"

"కర్ర అబద్ధం సెప్పలేదప్పా. వరద అడుగున ఉండే ఇసుకంతా ఊడ్చుకుపోయింది. కర్ర మీద తొమ్మిదే, కింద వంక లోతైపోయిండాది. నీ పట్టిక పాత వంకది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నీ పని నువ్వు చూసుకోమన్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"వంతెన పొట్టిదైతే దాని మీద పొయ్యేది మావోళ్లు సార్. నూలు మూటలెత్తుకుని, పిల్లోళ్లను సంకనేసుకుని."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. తెల్లారేసరికి నీరు ఐదడుగులకు దిగింది. వంకకు అడ్డంగా మోకు కట్టి, గుండ్రటి పుట్టి పడవ ఎక్కి, బారకొక చోట లోతు చూసుకుంటూ పోయాం. వేగం చూడాలంటే ఎండు కట్టెముక్క వదిలి, రెండు గుర్తుల మధ్య ఎంతసేపట్లో పోతుందో పట్టాలి. నా గడియారం అప్పటికే తడిసి ఆగిపోయింది. ఇక అయినట్టేనని కూలబడ్డాను.

"నేను లెక్కేస్తాలే. ఇరవై ఏండ్లు మగ్గం గుంతలో కూసున్నోన్ని. దెబ్బ ఒకే తీరున పడకుంటే బట్ట సెడతాది" అన్నాడు. ఒడ్డున నిలబడి, కనపడని మగ్గాన్ని తొక్కుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. తర్వాత ఆఫీసు గోడ గడియారం ముందు కూర్చోబెట్టి పరీక్ష చేశాను. పదిసార్లు చూసినా నిమిషానికి అవే దెబ్బలు.

ఐదడుగులకే పట్టిక చెప్పినదానికి ఒకటిన్నర రెట్ల నీరు పారుతోంది. నా కాగితం చింపేశాను. పట్టిక కొత్తది రాశాం, వంతెన ఎత్తు పెరిగింది.

నాలుగేళ్లకు వంక మళ్లీ ఒళ్లు విరుచుకుంది. నీరు వంతెన దూలాలకు జానెడు కిందగా ఉరుముతూ పోయింది. నా మొదటి అంకెతో కట్టి ఉంటే ఆ నీరు వంతెన మీదుగా పోయేది. పక్కనే ఉన్న పెద్దాయన చెయ్యి పట్టుకుని, నువ్వు లేకుంటే ఎంత పాపం మూటగట్టుకునేవాణ్ణో అన్నాను.

"నాదేముందప్పా. వంక సెప్తానే ఉంటాది. మనం ఇనాల, అంతే."

మొన్న కర్మకు ఎమ్మిగనూరు పోయాను. బస్సు కిక్కిరిసి ఉంది. మా వంతెన మీదికి వచ్చేసరికి కింద వంక ఒడ్డులొరుసుకుని పారుతోంది. డ్రైవరు వేగం తగ్గించలేదు. ముందు సీట్లో ఒకామె బిడ్డకు పాలిస్తోంది, ఎవరో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఒక్కరూ కిందికి చూడలేదు.